899కి కొన్న యాంటీవైరస్ ఎల్లుండి 3,299కి రెన్యువల్ అంట, ఎట్ల ఆపాల?

హంద్రీగట్టు (కర్నూలు)
అందరికీ నమస్తే. పోయినేడు ఆన్‌లైన్‌లో 899కి తీసుకున్న యాంటీవైరస్, ఒక సిస్టమ్‌కి, ఏడాదికి. పొద్దున బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది: ఎల్లుండి కార్డు నుంచి 3,299 డెబిట్ అవుతుందంట. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎప్పుడో అన్‌ఇన్‌స్టాల్ చేసేసినా. తీసేసినాక కూడా ఎట్ల కోస్తారు? కంపెనీ పేరు చెప్పనులే. ఆపేదానికి ఏం చేయాల, ఆపితే సిస్టమ్ గతేంది? విండోస్ 11, డీటీపీ (శుభలేఖల్లాంటివి కంపోజ్ చేసే) పని.

బురుజు_సర్వీస్ (కర్నూలు)
సాఫ్ట్‌వేర్ తీసేయడం వేరు, చందా ఆపడం వేరన్నా. అద్దె ఇంటికి తాళమేసి ఊరికి పోతే అద్దె ఆగుతుందా? మీరు కొన్న రోజు రెండు చోట్ల మీ పేరు ఎక్కింది. ఒకటి కంపెనీ అకౌంట్‌లో, ఆటో రెన్యువల్ ఆన్ అని. రెండోది బ్యాంకులో ఈ-మ్యాండేట్, అంటే వీళ్ళు అడిగినప్పుడు ఇచ్చేయండి అని మీరు ఓటీపీ కొట్టి ఇచ్చిన ఒప్పుదల. రెండూ విడివిడిగా తీయాల.

ముందు కంపెనీది తీయండి. బ్రౌజర్‌లో వాళ్ళ సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి లాగిన్ అవ్వండి. మై అకౌంట్, దాంట్లో మై సబ్‌స్క్రిప్షన్స్. అక్కడ ఆటో రెన్యువల్ పక్కన స్విచ్ ఉంటుంది. నొక్కితే వెంటనే ఆగదు, మూడు నాలుగు పేజీలు తిప్పుతుంది. మొదటి పేజీలో ఎర్ర త్రికోణం, "మీ సిస్టమ్‌కి రక్షణ పోతుంది" అని బెదిరింపు. పెద్ద రంగు బటన్ మీద "రక్షణ ఉంచుకో" అని ఉంటుంది. మనకు కావలసినది దాని కింద బూడిద రంగు చిన్నక్షరాల్లో ఉంటుంది, చూస్తే బటన్ అనే అనిపించదు. తర్వాతి పేజీలో కారణం అడుగుతారు, ఏదో ఒకటి పెట్టండి. ఆ తర్వాత "సగం ధరకే ఇస్తాం" అంటారు. దాన్ని ఒప్పుకుంటే రెన్యువల్ మళ్ళీ ఆన్‌లోనే ఉండిపోవచ్చు, కింద చిన్నక్షరాలు చదవకుండా నొక్కొద్దు. చివర్న "ఆఫ్ అయింది, ఫలానా తేదీ వరకు పనిచేస్తుంది" అని తేదీతో కనబడినప్పుడే అయినట్టు. ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసుకోండి, నిర్ధారణ మెయిల్ దాచుకోండి.

ఆఫ్ చేస్తే మిగిలిన రోజులు పోతాయని చాలామంది భయం. పోవు. కట్టిన గడువు అయ్యేదాకా నడుస్తుంది.

ఏడురోడ్లు (కడప)
దాని తర్వాత బ్యాంకు మ్యాండేట్. మెసేజ్‌లో రద్దు చేసుకునే లింకు వస్తుంది, కానీ అచ్చం అట్లాంటి మెసేజ్‌లు దొంగలూ పంపుతున్నారు కాబట్టి లింకు నొక్కకుండా బ్యాంకు యాప్‌లోకి పోండి. కార్డ్స్ విభాగంలో ఈ-మ్యాండేట్ అనో, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ అనో, రికరింగ్ పేమెంట్స్ అనో ఉంటుంది, బ్యాంకును బట్టి పేరు మారుతుంది. చాలా బ్యాంకులు ఈ పనికి బిల్‌డెస్క్ అనే పేమెంట్ కంపెనీ వాళ్ళ ఎస్‌ఐ హబ్ పేజీకి పంపిస్తాయి. కార్డు నంబరు, ఓటీపీ కొడితే ఆ కార్డు మీదున్న మ్యాండేట్లన్నీ వరసగా కనబడతాయి. రద్దు చేసేదానికి కూడా ఓటీపీ అడుగుతుంది, కంగారు పడొద్దు, అది నియమమే.

రిజర్వు బ్యాంకు నియమాలు 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమల్లో ఉండాయి. కోతకు కనీసం 24 గంటల ముందు తెలియజేయాల. ఆ మెసేజ్‌లో ఎవరికి, ఎంత, ఏ తేదీన, మ్యాండేట్ రిఫరెన్స్ నంబరు ఏంది, కోత ఎందుకు అనేవి ఉండాల. ఆ ఒక్క కోత వద్దనొచ్చు, లేదా మ్యాండేటే మొత్తం తీసేయొచ్చు. మీకు మొత్తం తీసేయడమే మేలు. ఒక్క కోత వద్దంటే మ్యాండేట్ బతికే ఉంటుంది.

3,299కి ఓటీపీ అడగరా అంటే, అడగరు. 15,000 లోపు కోతలకు మళ్ళీ ఓటీపీ అవసరం లేదు. మొదట ఈ హద్దు 5,000 ఉండె, 2022 జూన్‌లో 15,000 చేసినారు. యాంటీవైరస్ రెన్యువల్ ధరలు దాదాపు అన్నీ ఈ హద్దులోపలే పడతాయి.

హంద్రీగట్టు (కర్నూలు)
కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకుంటే సరిపోదా? ఒక్క దెబ్బకి పోతుంది కదా.

ఏడురోడ్లు (కడప)
ఎలుక కోసం కొట్టం తగలబెట్టడం అవుతుంది. ఆ కార్డు మీదున్న కరెంటు బిల్లు, ఫోన్ బిల్లు, ఇన్సూరెన్సు అన్నీ ఆగుతాయి. పైగా కంపెనీ అకౌంట్‌లో రెన్యువల్ ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి "పేమెంట్ ఫెయిల్ అయింది, కార్డు మార్చండి" అని మెయిల్ మీద మెయిల్ వస్తుంది. ఇంట్లో ఇంకెవరో చూసి కొత్త కార్డు పెట్టినారంటే మళ్ళీ కొత్త మ్యాండేట్ పుడుతుంది.

టవర్‌క్లాక్ (అనంతపురం)
యూపీఐతో కట్టినవాళ్ళకి దారి వేరు. ఫోన్‌పేలోనైనా గూగుల్ పేలోనైనా పైన మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ఆటోపే అనేదాంట్లోకి పోండి. పేటీఎంలో ఆటోమేటిక్ పేమెంట్స్ అని వెతకండి. వ్యాపారి పేరు మీద నొక్కి క్యాన్సిల్, యూపీఐ పిన్ కొట్టాల.

అక్కడ మ్యాండేట్ పేజీని ఒక్కసారి నిదానంగా చదవండప్పా. చాలావాటిలో మొత్తం దగ్గర 899 అని ఉండదు, "15,000 వరకు" అని ఉంటుంది. ముగింపు తేదీ ముప్పై ఏళ్ళ తర్వాతది కూడా ఉండొచ్చు. అంటే రేపు ధర నాలుగింతలు చేసినా మీరు ముందే సరేనన్నట్టే లెక్క. కొత్తగా ఏదైనా తీసుకునేటప్పుడు ఈ రెండు గళ్ళు చూసినాకే పిన్ కొట్టండి. "1 రూపాయికి నెల ట్రయల్" అనే వాటిలో అసలు పని ఇదే. రూపాయి వాళ్ళకెందుకు? మ్యాండేట్ కోసం.

ఇంకొకటి, టైము. 2025 ఆగస్టు 1 నుంచి ఆటోపే కోతలు రద్దీ లేని వేళల్లోనే పోతాయి: పొద్దున 10 లోపు, మధ్యాహ్నం 1 నుంచి 5, రాత్రి 9:30 తర్వాత. కాబట్టి "శుక్రవారం కోత కదా, శుక్రవారం పొద్దున చూద్దాంలే" అంటే మీరు లేచేలోపే పోయుంటుంది. ముందురోజు సాయంత్రానికే క్యాన్సిల్ చేసుకోండి.

ఖాతాలో డబ్బులు తీసేసి పెడతాం అనేవాళ్ళకి: మొదటిసారి ఫెయిల్ అయితే ఇంకో మూడుసార్లు ప్రయత్నించే వీలుంది. జీతం పడిన రోజు పట్టుకుంటారు.

సంగటిముద్ద (కడప)
ఫోన్‌లో ప్లే స్టోర్ ద్వారా తీసుకున్నది పైన చెప్పిన చోట్ల కనబడకపోవచ్చు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్, సబ్‌స్క్రిప్షన్స్, క్యాన్సిల్. యాప్ తీసేస్తే చందా పోదు, ఇక్కడ కూడా అదే కథ. ఫోన్‌లో రెండు మూడు జీమెయిల్ అకౌంట్లుంటే ఒక్కొక్కటి మార్చి చూడండి. "నాకు చందాలేమీ లేవే" అనేవాళ్ళలో సగం మంది వేరే అకౌంట్‌లో చూస్తుంటారు.

బురుజు_సర్వీస్ (కర్నూలు)
ఇప్పుడు షాపుల్లో వేయించుకున్నవాళ్ళ సంగతి, మన ఊళ్ళలో ఇదే ఎక్కువ. షాపువాడు తన మెయిల్‌తోనే అకౌంట్ తెరిచి యాక్టివేట్ చేసేస్తాడు. అప్పుడు ఆఫ్ చేసేదానికి మీకు లాగిన్ ఉండదు. ఎవరి మెయిల్ మీద ఉందో చూడాలంటే సాఫ్ట్‌వేర్ తెరిచి అకౌంట్ అనేచోట చూడండి, మధ్యలో చుక్కలు పెట్టి మెయిల్ కనబడుతుంది. మీది కాకపోతే బిల్లు, కీ నంబరు (యాక్టివేట్ చేసే కోడ్) పట్టుకొని షాపుకే పోయి మార్పించుకోండి. కుదరకపోతే బిల్లు ఫోటో, కీ పెట్టి కంపెనీ సపోర్టుకు రాయండి.

ఇంకో తంతు, మూడు సిస్టమ్‌ల కీని విడదీసి ముగ్గురికి అమ్మడం. ధర తక్కువే పడుతుంది, కానీ గడువు ముగ్గురికీ ఒకేరోజు తీరుతుంది. మొదట వేయించుకున్నవాడికి 365 రోజులు, నాలుగు నెలల తర్వాత వేయించుకున్నవాడికి ఎనిమిది నెలలే. "ఏడాది అన్నాడు, అప్పుడే ఎక్స్‌పైర్ అంటోంది" అనే తగాదాలన్నీ దీనివల్లే. వేయించుకున్న రోజే గడువు తేదీ స్క్రీన్ మీద చూసుకోండి, బిల్లు మీద కీ నంబరు రాయించుకోండి. జీఎస్టీ ఉన్న వ్యాపారమైతే మీ నంబరుతో బిల్లు తీసుకోండి, 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ (ఇక్కడ కట్టిన పన్ను మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గడం) వస్తుంది. చిట్టీ మీద రాసిస్తే అదీ పోయె.

షాపులో సాఫ్ట్‌వేర్ పెట్టె కొన్నా రెన్యువల్ ముల్లు ఉంటుంది. కొన్ని కంపెనీల పెట్టెలోని కార్డు గీకి కోడ్ కొట్టినాక "యాక్టివేట్ కావాలంటే బ్యాంకు కార్డు వివరాలు పెట్టండి" అంటుంది. మీరు డబ్బులు ముందే కట్టినారు కదా, మళ్ళీ వివరాలెందుకు? వచ్చే ఏడాదికి. తప్పనిసరైతే పెట్టి, యాక్టివేట్ అయిన ఐదు నిమిషాలకే రెన్యువల్ ఆఫ్ చేసి మ్యాండేట్ తీసేయండి. ఏడాది తర్వాత గుర్తుంటుందని మాత్రం అనుకోవద్దు.

ఉగ్గాని_బజ్జి (అనంతపురం)
ఈ ధర తేడా అసలెందుకు అనేది ఎవరూ చెప్పలేదు. 899 అనేది మొదటి ఏడాది ఎర. కొనేటప్పుడు పెద్దక్షరాల్లో 899, దాని కింద చుక్కగుర్తు పెట్టి "రెన్యువల్ ధర 3,299" అని ఎక్కడో ఒక మూల ఉంటుంది. చట్టప్రకారం చెప్పినట్టే, కంటికి మాత్రం కనబడనట్టే. తమాషా ఏమంటే మీకు 3,299 అడిగే రోజున కూడా అదే సరుకు కొత్త గిరాకీకి 899కే, పండగ రోజుల్లో ఇంకా తక్కువకే ఇస్తుంటారు. పాత గిరాకీ అంటే లోకువ!

కాబట్టి అదే సాఫ్ట్‌వేర్ కావాలనుకున్నవాళ్ళు రెన్యువల్ చేయొద్దు. ఆఫ్ చేసి, గడువు దగ్గరికి వచ్చినాక కొత్త కీ కొని అదే అకౌంట్‌లో వేసుకోండి. రెండు జాగ్రత్తలు. ఒకటి, కొన్నిట్లో కొత్త కీ రోజులు పాత రోజులకు కలుస్తాయి, కొన్నిట్లో పాతవి ఎగిరిపోతాయి, అందుకని చివరి రెండు మూడు రోజుల్లో వేయడం మేలు. రెండు, కీ ఏ దేశానికి అమ్మినదో చూడండి. బయటి సైట్లలో 200కి దొరికే కీలు వేరే దేశాలవి ఉంటాయి, ఇక్కడ కొడితే చెల్లదంటుంది. డబ్బులు వాపసు రావు.

కోత తేదీ అంటే గడువు తేదీ అనుకోవద్దు. కొన్ని కంపెనీలు గడువుకు నెల ముందే లాగుతాయి. నార్టన్ అయితే 35 రోజుల ముందు వరకూ లాగే వీలు పెట్టుకుంది. ఫోన్ క్యాలెండర్‌లో గడువుకు 40 రోజుల ముందు తేదీకి గుర్తు పెట్టుకోండి.

టవర్‌క్లాక్ (అనంతపురం)
అసలు డబ్బులు పెట్టి ఎందుకు కొనాల అనేదే నా మాట. విండోస్ 10, 11 లోనే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఉచిత యాంటీవైరస్ డిఫెండర్ ఉంది. మామూలు ఇంటి వాడకానికి, బిల్లింగుకి అది చాలు.

బురుజు_సర్వీస్ (కర్నూలు)
చాలు అనేది సిస్టమ్ తాజాగా ఉంటే. విండోస్ 7కి మద్దతు 2020 జనవరిలోనే ఆగిపోయింది, 8.1కి 2023 జనవరిలో. విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ఆగింది, అదనపు అప్‌డేట్ల పథకంలో చేరినవాళ్ళకి మాత్రం 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. పాత విండోస్ మీద 3,000 పెట్టి యాంటీవైరస్ వేయడమంటే గోడ కూలిన ఇంటికి గాడ్రెజ్ తాళం. క్రాక్ (దొంగ కాపీ) సాఫ్ట్‌వేర్లు వేసేటప్పుడు యాంటీవైరస్ ఆఫ్ చేసే అలవాటున్నవాళ్ళకి డిఫెండర్ అయినా క్విక్ హీల్ అయినా కె7 అయినా ఒకటే, ఏదీ కాపాడదు.

క్విక్ హీల్, కె7 లాంటివి కొనొద్దని నేననను. పుణె, చెన్నై కంపెనీలు, పది సిస్టమ్‌లున్న ఆఫీసులో అన్నిటినీ ఒకచోట నుంచి చూసుకోవాలంటే పనికొస్తాయి. ఒక్క సిస్టమ్ డీటీపీకి అవసరం లేదు.

హంద్రీగట్టు అన్నా, మీరు అన్‌ఇన్‌స్టాల్ చేసినాను అన్నారు కదా, డిఫెండర్ నిజంగా లేచిందో లేదో చూడండి. విండోస్ సెక్యూరిటీ తెరిచి, సెట్టింగ్స్‌లో మేనేజ్ ప్రొవైడర్స్. అక్కడ యాంటీవైరస్ కింద మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆన్ అని ఉండాల. పాతదాని పేరు ఇంకా కనబడుతుంటే ముక్కలు మిగిలినట్టు. చాలా కంపెనీలకు సొంత తొలగింపు పనిముట్టు ఉంటుంది. మెకాఫీకి ఎంసీపీఆర్, నార్టన్‌కి రిమూవ్ అండ్ రీఇన్‌స్టాల్, అవాస్ట్‌కి అవాస్ట్ క్లియర్. కంపెనీ సొంత సైట్ నుంచే దించుకొని నడిపి, రీస్టార్ట్ చేయండి. నార్టన్ దాంట్లో "తీసేయడం మాత్రమే" అనేది అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఉంటుంది. చూడకుండా నొక్కితే తీసేసి మళ్ళీ అదే ఎక్కిస్తుంది.

సంగటిముద్ద (కడప)
కోత ఆల్రెడీ పడిపోయినవాళ్ళు ఏం చేయాల? మా వీధిలో అడిగేవాళ్ళు శానామంది ఉండారు.

ఏడురోడ్లు (కడప)
ముందు కంపెనీనే అడగాల, బ్యాంకును కాదు. నార్టన్ ఏడాది చందాలకు కోత పడిన 60 రోజుల్లోపు అడిగితే పూర్తి మొత్తం వాపసు ఇస్తుంది. మిగతావాళ్ళవి సైట్‌లో రీఫండ్ పాలసీలో చూడండి, రోజుల లెక్క కోత తేదీ నుంచి. చాట్‌లో రెండు ముక్కలు చాలు: "ఆటో రెన్యువల్ నాకొద్దు, ఫలానా ఇన్వాయిస్ మొత్తం వాపసు చేయండి." కథంతా చెప్పబోతే తగ్గింపు ఆఫర్ల వైపు తిప్పుతారు. చాట్ అయినాక దాని కాపీ మెయిల్‌కి పంపమనండి. ప్లే స్టోర్‌లో కట్టినది 48 గంటల్లోపైతే గూగుల్‌నే అడగొచ్చు.

బ్యాంకు దగ్గర కేసు బలంగా ఉండేది ఎప్పుడంటే, 24 గంటల ముందు సమాచారం రాకపోయినా, మ్యాండేట్ హద్దు దాటి కోసినా, రద్దు చేసినాక కోసినా. వీటిలో ఏదీ లేకుండా "మర్చిపోయినా సార్" అంటే మ్యాండేట్‌కి ఓటీపీ మీరే ఇచ్చినారు కదా అంటారు. కారణం గట్టిదైతే రాతపూర్వకంగా ఇచ్చి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ఖర్చు లేదు.

కంపెనీ మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఫిర్యాదులో "సబ్‌స్క్రిప్షన్ ట్రాప్" అనే మాట వాడండి. 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (గిరాకీని మభ్యపెట్టే పద్ధతులు) మార్గదర్శకాల్లో నిషేధించిన 13 పద్ధతుల్లో అదొకటి. రద్దు చేసే దారిని దాచిపెట్టడం, తిప్పలు పెట్టడం దాని కిందికే వస్తాయి. అందుకే బురుజు అన్న చెప్పిన బూడిద రంగు బటన్‌కి కూడా స్క్రీన్‌షాట్ తీయాల. ఆఖరికి జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివాసముండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాల.

ఉగ్గాని_బజ్జి (అనంతపురం)
కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో మాత్రం వెతకొద్దు. పైన వచ్చే నంబర్లలో దొంగలవి ఉంటాయి. "రీఫండ్ పంపుతాం, ఎనీడెస్క్ వేసుకోండి" అన్నారంటే ఫోన్ పెట్టేయండి, అది మీ స్క్రీన్‌ను వాళ్ళ చేతికిచ్చే యాప్. డబ్బులు రావడానికి పిన్ కొట్టే పని ఎప్పుడూ లేదు. "మీ చందా 499 డాలర్లకి రెన్యువల్ అయింది, వద్దంటే ఈ నంబరుకి చేయండి" అని వచ్చే మెయిళ్ళూ అంతే, బ్యాంకు ఖాతాలో కోత లేకపోతే అది ఉత్త కాగితం. డబ్బులు పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930.

అట్లే స్క్రీన్ కుడివైపు కింద మూలన "మీ యాంటీవైరస్ గడువు తీరింది, 5 వైరస్‌లు దొరికినాయి" అని ఠంగుమని వచ్చేవి ఉంటాయే, అవి చాలావరకు యాంటీవైరస్‌వి కావు, క్రోమ్ నోటిఫికేషన్లు. సినిమాల సైటులోనో రిజల్ట్స్ సైటులోనో ఎప్పుడో "అలో" నొక్కుంటారు. పెట్టె మీద సన్నగా సైట్ పేరు ఉంటుంది, చూడండి. క్రోమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి పోయి తెలియని సైట్లన్నీ తీసేయండి. అంతటితో ఆగుతుంది.

హంద్రీగట్టు (కర్నూలు)
కంపెనీ అకౌంట్‌లో ఆఫ్ అయింది, నాలుగో పేజీలో దొరికింది ఆ బూడిద బటన్. బ్యాంకు యాప్‌లో మ్యాండేట్ "క్యాన్సిల్డ్" అని చూపిస్తోంది. ప్రొవైడర్స్‌లో డిఫెండర్ ఆన్. అదే ఊపులో రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళమేసి డబ్బులడిగే వైరస్) ప్రొటెక్షన్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ కూడా ఆన్ చేసినా. ఇప్పుడు పేజ్‌మేకర్ (నేను డీటీపీకి వాడే సాఫ్ట్‌వేర్) ఫైలు డాక్యుమెంట్స్‌లో సేవ్ కావడం లేదు, ఎర్రర్ వస్తోంది. శుభలేఖల ఆర్డర్లు ఉన్నాయి.

బురుజు_సర్వీస్ (కర్నూలు)
అది దాని పనే అది చేస్తోంది, తెలియని ప్రోగ్రామ్‌ను డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలో రాయనీయదు. పాత పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్ (తెలుగు టైపింగ్‌ది), కొన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు దాంట్లో ఇరుక్కుంటాయి. ఆఫ్ చేయొద్దు. అదే పేజీలో "అలో యాన్ యాప్ త్రూ కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" ఉంటుంది, ప్లస్ గుర్తు నొక్కి "రీసెంట్లీ బ్లాక్డ్ యాప్స్" చూడండి, పేజ్‌మేకర్ అక్కడే ఉంటుంది. దాన్ని చేర్చి, పేజ్‌మేకర్ మూసి మళ్ళీ తెరవండి. అను కూడా ఆ జాబితాలో ఉంటే దాన్నీ చేర్చండి. మొదటి వారం ఇట్లాంటివి ఒకటి రెండు వస్తాయి. ఆర్డర్ల ఫైళ్ళు మాత్రం ఈ రాత్రికే ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, డ్రైవ్ పీకేసి పక్కన పెట్టండి.